తెర నడవకపోతే తప్పు టీచరమ్మదా?

"టీచర్లకి టెక్నాలజీ మీద నమ్మకం లేదండీ, అందుకే మన స్కూళ్ళు ఇలా ఉన్నాయి." ఈ మాట ఈ మధ్య ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. స్కూలు కరస్పాండెంటు గారు అంటారు. టీవీ చర్చలో కూర్చున్న పెద్దమనిషి అంటాడు. పొద్దున్నే మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ పువ్వులు పంపే బాబాయిగారూ అంటారు. నలభై అయిదు మంది పిల్లల ముందు ఒక్క రోజు కూడా నిలబడనివాళ్ళు, రోజూ నిలబడేవాళ్ళ నమ్మకాల మీద తీర్పు చెప్పేస్తుంటారు.

నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగు టపా, పొయ్యి మీద ఏమన్నా ఉంటే కట్టేసి వచ్చి చదవండి.

నేను చెప్పదల్చుకున్నది ముందే ఒక్క ముక్కలో చెప్పేస్తాను. క్లాసులో ఏ యంత్రం పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నదాని మీద టీచరుకి ఉండే నమ్మకం మూఢనమ్మకం కాదు. రోజూ చేసే పనిలోంచి పుట్టిన లెక్క అది. దానికి "అడ్డంకి" అని పేరు పెట్టి పక్కకి తోసేస్తే చివరికి నష్టపోయేది మన పిల్లలు.

మా ఆడపడుచు కూతురు ఎం.ఎడ్. చేస్తోంది. ప్రాజెక్టు కోసం టీచర్లకి ఇవ్వాల్సిన ప్రశ్నల కాగితం తయారు చేసుకుని, ముందు ఇంట్లోనే చూద్దామని వాళ్ళమ్మకి ఇచ్చింది. వాళ్ళమ్మ, అంటే మా వదినగారు, ఇరవై రెండేళ్ళుగా ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కాగితంలో ప్రశ్నలు ఇలా ఉన్నాయి: "డిజిటల్ బోర్డు వల్ల బోధన మెరుగుపడుతుందని నేను నమ్ముతాను." "కొత్త పరికరాలు వాడాలంటే నాకు ఆందోళనగా ఉంటుంది." ఒక్కోదానికి ఎదురుగా అయిదు గడులు. పూర్తిగా ఒప్పుకుంటాను దగ్గర్నుంచి అస్సలు ఒప్పుకోను దాకా. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

వదినగారు కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను పట్టుకుని, మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు.

"ఏ పాఠానికే?" అన్నారు.

"అంటే?"

"బోధన మెరుగుపడుతుందా అని అడిగావు కదా. ఏ పాఠానికి? ఏ క్లాసుకి? ఎంతమంది పిల్లలకి?"

"అవన్నీ రాయడానికి గడి లేదమ్మా. నువ్వు నమ్ముతావా, నమ్మవా, అంతే."

నా మటుకు నాకు ఆ చిన్న సంభాషణలోనే మొత్తం జబ్బు కనపడింది. టీచరు దగ్గర ఉన్నది వివరం. మనం అడిగేది భక్తి. నమ్ముతావా, నమ్మవా? గుళ్ళో దేవుడి గురించి అడిగినట్టు.

పాపం, ఆ ప్రశ్నలు మా పిల్ల సొంతంగా పుట్టించినవి కావు. చదువుల మీద పరిశోధన చేసేవాళ్ళలో దీనికో పెద్ద సంప్రదాయమే ఉంది. అమెరికాలో పెగ్గీ ఎర్ట్‌మర్ అనే ఆవిడ 1999లో ఒక వ్యాసం రాశారు. బడిలోకి టెక్నాలజీ రాకుండా ఆపే అడ్డంకులు రెండు రకాలు అన్నారు. మొదటివి బయటివి, అంటే యంత్రాలు లేకపోవడం, శిక్షణ లేకపోవడం, టైము లేకపోవడం. రెండోవి లోపలివి, అంటే టీచర్ల నమ్మకాలు, అలవాట్లు. ఆవిడ ఉద్దేశం టీచర్లని తప్పుపట్టడం కాదు. యంత్రం కొనిచ్చేస్తే పనైపోదు, వాడే మనిషి మనసు కూడా చూసుకోవాలని. కానీ ఆ మాట అమ్మేవాళ్ళ చేతుల్లోంచి, కొనేవాళ్ళ చేతుల్లోంచి మనదాకా వచ్చేసరికి "అడ్డంకి" అన్న ముక్క ఒక్కటే మిగిలింది. అడ్డంకి అంటే తొలగించాల్సినది కదా! అలా టీచరు నమ్మకం కాస్తా ఊడ్చి పారేయాల్సిన చెత్త అయి కూర్చుంది.

ఇప్పుడు మన వంటింట్లోకి రండి. టెక్నాలజీ గురించి మాట్లాడే హక్కు మనకున్నంతగా ఇంకెవరికుంది?

గ్యాసు పొయ్యి, కుక్కరు, మిక్సీ మన ఇళ్ళల్లోకి వచ్చాయి. వాటిని వాడమని ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వలేదు. మూడు రోజుల ట్రైనింగు ఎవరూ పెట్టలేదు. "కుక్కర్ వల్ల పప్పు మెరుగుపడుతుందని నేను నమ్ముతాను" అని ఎవరూ మన చేత టిక్కు పెట్టించలేదు. పని తగ్గింది, కళ్ళకి కనపడింది, వాడుకున్నాం. రుబ్బురోలు పెరట్లోకి పోయింది. అయినా ఇప్పటికీ దోసకాయ ముక్కల పచ్చడి చేయాలంటే చిన్న రోలు బయటికి తీసేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? మిక్సీలో వేస్తే గుజ్జయిపోతుందని మనకి తెలుసు. దాన్ని ఎవరైనా "మిక్సీ భయం" అంటారా? అనరు, రుచి తెలిసిన మనిషి అంటారు.

అదే ఇంట్లో అటక మీద చూడండి. టీవీలో ప్రకటన చూసి, మనల్ని అడక్కుండా తెచ్చిన రోటీ మేకరు పెట్టెతో సహా ఉంటుంది. "అంత డబ్బు పోసి తెస్తే వాడవేం?" అనే మాట మాత్రం మనకే. కొన్నవాళ్ళు వాడరు, వాడేవాళ్ళని అడగరు. ఆ తర్వాత అది నడవకపోతే తప్పు వాడనివాళ్ళది!

బడిలో జరిగేది ఇదే. కాకపోతే అటక కొంచెం పెద్దది.

టీచర్లకి టెక్నాలజీ అంటే భయమన్న మాట ఎంత అబద్ధమో 2020లోనే తేలిపోయింది. కరోనా వచ్చి బడులు మూతపడితే, యాభై దాటిన టీచరమ్మలు కూడా వంటింటి గోడకి నల్లబోర్డు తగిలించుకుని, ఫోనుని డబ్బాలకి ఆనించి పాఠాలు రికార్డు చేశారు. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో సర్కారు బడి పిల్లలకి పాఠాలు వచ్చాయి. ఆ తెర మీద నిలబడి చెప్పిందీ టీచర్లే, పిల్లలకి ఫోన్లు చేసి "చూశావా నాన్నా?" అని అడిగిందీ టీచర్లే. పనికొస్తుందనుకున్నప్పుడు వారాల్లో నేర్చుకున్నారు. ఇవాళ కూడా ప్రశ్నపత్రం ఫోనులోనే కొట్టి జిరాక్సుకి పంపుతారు, హోంవర్కు వాట్సాప్‌లోనే పెడతారు. వీళ్ళకా టెక్నాలజీ భయం?

ఆ కాలం అయ్యాక ఏం మిగిలిందో కూడా ముందు చూసింది వాళ్ళే. దేశమంతా గ్రామాల్లో పిల్లల చదువు చూసే 'అసర్' సర్వేలో, 2వ తరగతి పాఠం చదవగలిగిన 3వ తరగతి పిల్లలు 2018లో నూటికి 27.3 మంది ఉంటే, 2022కి 20.5కి పడిపోయారు. బడులు మూసి ఉండటమే దీనికి పెద్ద కారణం, తెరని ఒక్కదాన్నే అనను. కానీ ఎదురుగా మనిషి లేని చదువు చిన్నపిల్లలకి ఎంతవరకు అందుతుందో ఆ రెండేళ్ళు చూపించాయి. బడి తెరిచాక అక్షరాలు మర్చిపోయిన పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని మళ్ళీ దిద్దించినవాళ్ళకి తెర మీద కొన్ని అనుమానాలు ఉండవా? ఉండకూడదా?

ఇంతకీ మా వదినగారి నమ్మకం ఏమిటంటారా? గడిలో పట్టదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఘనాకారాల పాఠానికి డిజిటల్ బోర్డు బ్రహ్మాండం అంటారావిడ. స్థూపాన్ని విప్పితే పక్క భాగం దీర్ఘచతురస్రం అవుతుందని నల్లబోర్డు మీద బొమ్మ గీసి చెప్తే సగం మందికి ఎక్కదు. తెర మీద అది మెల్లగా విచ్చుకుంటుంటే అందరి నోళ్ళూ తెరుచుకుంటాయట. ఆ తర్వాత ఆవిడ ఒక పాలపొడి డబ్బా తెచ్చి, దాని చుట్టూ ఉన్న కాగితం ఊడదీసి బల్ల మీద పరుస్తారు. రెండూ కావాలి. సైన్సు మేడమ్‌కి గుండె ఎలా కొట్టుకుంటుందో చూపించడానికి తెరని మించినది లేదని కూడా ఆవిడే చెప్పారు.

కానీ భిన్నాలకి వద్దంటారు. "సగానికి మూడో వంతు కలపరా అంటే పైవి పైవి, కిందవి కింద కూడేసి 2/5 అని రాసేస్తాడమ్మా. తెర మీద సరైన పద్ధతి వస్తుంది, వాడు చక్కగా ఎక్కించుకుంటాడు. నోటుబుక్కు చూస్తే అన్నీ రైటే. మర్నాడు ఇంకో లెక్క ఇస్తే మళ్ళీ అదే తప్పు. బెంచీల మధ్య తిరుగుతూ వాడి పెన్ను ఎక్కడ ఆగిందో చూస్తే తప్ప నాకు తెలీదు. నేను వాడి దగ్గర ఆగుతాను, తెర ఎవరి దగ్గరా ఆగదు."

చపాతీని సగం చేసి, ఇంకో చపాతీని మూడు ముక్కలు చేసి, సగమూ మూడో వంతూ కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అవుతుందిరా అని అడగడం ఆవిడ పద్ధతి. 2/5 అంటే సగం కన్నా తక్కువే కదా! పిల్లాడు బుర్ర గోక్కుంటాడు. ఆ గోక్కునే రెండు నిమిషాలే చదువు. వీడియోలో ఆ రెండు నిమిషాలు ఉండవు. పక్కన నలభై మంది ఎదురుచూస్తుంటే పాజ్ నొక్కి ఎంతసేపు ఉంచుతారు?

ఇది పాతకాలపు మనిషి చాదస్తమా? నాకైతే ఏ పనికి ఏ పనిముట్టో తెలిసిన పనిమంతురాలి మాటలా వినిపిస్తోంది.

మరి ఆ స్కూల్లో ఏమైంది? ప్రతి పీరియడ్‌లో ఇరవై నిమిషాలు బోర్డు నడవాలని రూలు పెట్టారు. పాఠం ఏదైనా సరే. ఎవరు ఎన్ని నిమిషాలు నడిపారో బోర్డే లెక్క రాస్తుంది. నెలాఖరుకి పట్టీ వచ్చింది, వదినగారివి తక్కువ నిమిషాలు. స్టాఫ్ మీటింగులో, తన కూతురి వయసున్న టీచర్ల ముందు, "మేడమ్, మీరు కొంచెం అప్‌డేట్ అవ్వాలి" అన్నారు. ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆపేశారు. ఆవిడ క్లాసు పిల్లలకి లెక్కలు వస్తున్నాయా లేదా అన్నది ఆ పట్టీలో ఎక్కడా లేదు. వీధి తలుపు ఎన్నిసార్లు తీశారో లెక్కపెట్టి, ఇల్లు ఎంత బాగా నడుస్తోందో చెప్పినట్టు!

ఈ కథ కొత్తదేం కాదు. బల్బుతో పేరు తెచ్చుకున్న ఎడిసన్ 1913లోనే, సినిమా వచ్చేసింది కాబట్టి బళ్ళో ఇక పుస్తకాలు త్వరలో మూలపడతాయన్నాడు. తర్వాత రేడియో అన్నారు, టీవీ అన్నారు, కంప్యూటర్ అన్నారు. అమెరికాలో ల్యారీ క్యూబన్ అనే ప్రొఫెసరు 1986లో ఈ వరసంతా కలిపి ఒక పుస్తకమే రాశారు. ప్రతిసారీ అదే వరస. ముందు పెద్ద ఆర్భాటం, వెనకే దాన్ని బలపరిచే పరిశోధనలు, ఆ తర్వాత క్లాసులో అది సరిగ్గా నడవట్లేదన్న నిట్టూర్పు, చివరికి నింద టీచరు నెత్తిన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కాకపోతే ఇక్కడ ఆడేది ఒకరు, తిట్లు తినేది ఇంకొకరు.

మన దగ్గరా చూశాం. 1975 ఆగస్టు 1న ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ పాఠాలు మొదలయ్యాయి. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలు, అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పొద్దున పూట బడి పిల్లలకి కార్యక్రమాలు వచ్చేవి. అమెరికా వాళ్ళు ఏడాదికి ఇచ్చిన ఉపగ్రహం అది, ఏడాది కాగానే ప్రయోగం ముగిసింది. 1984లో బడులకి కంప్యూటర్లు అన్నారు. ఏది వచ్చినా, ఏది పోయినా, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి హాజరు పిలవడానికి ఉన్నది మాష్టారే.

మొన్న మొన్నటిది చూడండి. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. 8వ తరగతి పిల్లలకీ, వాళ్ళకి చెప్పే టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు, వాటిలో బైజూస్ పాఠాలు. 2024 జులైకి ఆ కంపెనీయే దివాలా విచారణకి వెళ్ళింది. ఏ పార్టీ ఇచ్చింది, ఏ పార్టీ తిట్టింది అన్నది నా గొడవ కాదు. లేనింటి పిల్లాడి చేతికి ట్యాబు వచ్చిందంటే సంతోషించేదాన్నే నేను. నా ప్రశ్న వేరు. రేపు ఉంటుందో లేదో తెలియని కంపెనీ పాఠం మీద నమ్మకం ఉంచమని అడిగేవాళ్ళు, పాతికేళ్ళుగా అదే బళ్ళో ఉన్న మనిషి మాట మీద ఎందుకు నమ్మకం ఉంచరు?

ఇంకో సంగతి. టీచర్లకి "టెక్నాలజీ" అన్న మాట ఏ రూపంలో ఎదురవుతోందో కూడా చూడాలి. అదే 2022లో ఆగస్టు నెలలో, టీచర్లు సొంత ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది, సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. మధ్యాహ్న భోజనం ఫోటోలు, ఆఖరికి మరుగుదొడ్ల ఫోటోలు కూడా యాప్‌లో ఎక్కించే పని ఏపీ సర్కారు బడి టీచర్ల మీద పడింది. పొద్దున్నే సిగ్నల్ కోసం మేడ మీదికి పరిగెత్తే మనిషికి టెక్నాలజీ అంటే తన మీద పెట్టిన కాపలాగానే కనిపిస్తుంది. అత్తగారు కోడలికి ఫ్రిజ్ కొనిచ్చి, దానికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నట్టు. ఆ తర్వాత "మా కోడలికి ఫ్రిజ్ మీద మక్కువ లేదు" అంటే ఎలా?

సరే, ఇంత మాట్లాడుతున్నావు, మరి యంత్రాలు అసలు పనికిరావా అని అడుగుతారు. పనికొస్తాయి. ఎక్కడ పనికొచ్చాయో చూస్తే మా వదినగారి మాటే గెలుస్తుంది.

గుజరాత్‌లో వడోదర మున్సిపల్ బడుల్లో 4వ తరగతి పిల్లలకి వారానికి రెండు గంటలు కంప్యూటర్ మీద లెక్కల ఆటలు ఆడించారు. ఇద్దరికి ఒక కంప్యూటరు. పిల్లలకి లెక్కలు బాగానే మెరుగుపడ్డాయని 2007లో అచ్చయిన పరిశోధనలో తేలింది. తర్వాత నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో చేసినదే అది. ఢిల్లీలో బడి అయ్యాక ప్రత్యేక కేంద్రాల్లో, ఒక్కో పిల్లాడికి వాడి స్థాయికి తగ్గ ప్రశ్న ఇచ్చే సాఫ్ట్‌వేరు పెట్టి చూశారు. 8వ తరగతి పిల్లాడికి 4వ తరగతి లెక్కలు రాకపోతే అక్కణ్ణించే మొదలుపెడుతుంది. అక్కడా ఫలితం వచ్చింది, అది 2019లో అచ్చయింది.

ఇప్పుడు అసలు ముక్క. గుజరాత్‌లోనే లీ లిండెన్ అనే పరిశోధకుడు ఒకే కంప్యూటర్ కార్యక్రమాన్ని రెండు రకాలుగా పెట్టి చూశాడు. బడి వేళలో టీచరు చెప్పే టైము తగ్గించి ఆ టైములో కంప్యూటరు పెడితే, పిల్లలు మామూలుగా నేర్చుకునే దానికన్నా తక్కువ నేర్చుకున్నారు. టీచరు చెప్పాక, బడి అయ్యాక అదనంగా పెడితే లాభపడ్డారు, వెనకబడ్డ పిల్లలు మరీ ఎక్కువగా. యంత్రం అదే, పాఠమూ అదే. టీచరు పక్కన నిలబడితే మేలు, టీచరు కుర్చీలో కూర్చుంటే కీడు. పెరూ దేశంలో పల్లె బడి పిల్లలకి ల్యాప్‌టాప్‌లు పంచి, 319 బడుల్లో పరీక్షించి చూస్తే లెక్కల్లోనూ భాషలోనూ ఏ తేడా కనపడలేదని 2012లో చెప్పారు. 2023లో యునెస్కో ఈ విషయం మీద ఒక పెద్ద నివేదిక వేసింది. దాని పేరులోనే ప్రశ్న ఉంది: ఈ పనిముట్టు ఎవరి షరతుల మీద?

ఈ పరిశోధనలన్నీ కలిపి చెప్పినదేమిటి? ఏ పాఠానికి, ఏ పిల్లలకి, ఎంతసేపు, ఎవరి పక్కన. మా వదినగారు పెన్ను పట్టుకుని అడిగిన ప్రశ్నే కదా ఇది?

ఇక అందరూ వేసే ఆఖరి అస్త్రం ఒకటుంది. "అందరు టీచర్లూ మీ వదినలా ఉండరండీ. చెప్పడం బద్ధకమైనవాళ్ళే టెక్నాలజీ వద్దంటారు." ఇది పూర్తిగా తలకిందుల మాట. చెప్పడం బద్ధకమైన టీచరుకి తెరతో గొడవేముంది? వీడియో పెట్టి, కుర్చీలో కూర్చుని ఫోను చూసుకోవచ్చు. నిమిషాల పట్టీలో ఆయనకే మొదటి ర్యాంకు వస్తుంది. తెరతో పేచీ పడేది, "ఇది వద్దు, ఇది కావాలి" అని అడిగేది, పిల్లాడికి వచ్చిందా లేదా అని పట్టించుకునే మనిషే. నిమిషాలు లెక్కపెట్టే పద్ధతి బద్ధకస్తుడికి బహుమతి ఇచ్చి పనిమంతురాలికి జరిమానా వేస్తుంది. నాలుగేళ్ళు ఇలాగే నడిస్తే స్కూళ్ళో ఎవరు మిగులుతారో మీరే చెప్పండి.

బద్ధకంగా ఉండే టీచర్లు లేరని నేననను. ప్రతి ఉద్యోగంలోనూ ఉంటారు. కానీ వాళ్ళని దారిలో పెట్టడానికి హెడ్మాస్టరు కావాలి, గోడకి తగిలించిన తెర కాదు. చేతకాని టీచరు చేతిలో తెర ఇంకో సుద్దముక్క, అంతే.

ఇందులో మన వంతు కూడా ఉంది, అది అనకుండా ఉండలేను. ఏప్రిల్, మే నెలల్లో అడ్మిషన్ల కోసం తిరిగే తల్లుల్ని చూస్తుంటాను. తెర మీద చెయ్యి పెట్టి జూమ్ చేసి చూస్తారు. ఏసీ ఉందా అని చూస్తారు. బ్రోచర్లో "డిజిటల్ క్లాస్‌రూమ్స్" అని ఉంటే అయిదారు వేలు ఎక్కువైనా సరే అంటారు. ఆ స్కూల్లో లెక్కల టీచరు ఎన్నేళ్ళుగా ఉన్నారని అడిగేవాళ్ళు అరుదు. ఆవిడ జీతమెంతో, క్లాసుకి ఎంతమందో, ఏడాది మధ్యలో ఎంతమంది టీచర్లు మానేశారో అడిగేవాళ్ళు ఇంకా అరుదు. స్కూళ్ళవాళ్ళు వ్యాపారస్తులు, మనం దేన్ని చూసి డబ్బు కడితే దాన్నే గోడకి తగిలిస్తారు. తెర ఒకసారి కొంటే చాలు, ఫోటోలో బాగా పడుతుంది. మంచి టీచరుకి నెలనెలా జీతం ఇవ్వాలి, ఫోటోలో ఆవిడ మామూలు చీర కట్టుకున్న ఒక మామూలు మనిషి.

అందుకని ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. గొడవ పడక్కర్లేదు, మర్యాదగానే అడగండి.

ఒకటి. ఈ బోర్డు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు కట్టెయ్యాలో ఎవరు నిర్ణయిస్తారు? టీచరేనా, ఆఫీసా?

రెండు. కొనేముందు ఏ టీచరుని అడిగారు? ఆ టీచరు ఏమన్నారు?

మూడు. టీచరు పనిని దేనితో కొలుస్తున్నారు? బోర్డు నడిచిన నిమిషాలతోనా, పిల్లల నోటుబుక్కులతోనా?

నాలుగు. క్లాసుకి ఎంతమంది పిల్లలు? 2009 విద్యాహక్కు చట్టం ఒక టీచరుకి అయిదో తరగతి వరకు 30 మంది, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మంది అంటోంది. ఆ తెరల డబ్బుతో ఇంకో టీచరుని పెట్టుకుంటే ఎలా ఉంటుంది?

ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పే స్కూలైతే అందులో తెర ఉన్నా మంచిదే, లేకపోయినా మంచిదే. జవాబు చెప్పకుండా "మేడమ్, మాది ఫుల్లీ డిజిటల్" అంటే మాత్రం, ఆ స్కూలు మన ముందు పెట్టింది ఆకే, అందులో అన్నం లేదని అర్థం.

మా మేనకోడలు తన ప్రశ్నల కాగితం మార్చుకుంది. అయిదు గడుల కింద రెండు గీతలు గీసి, "ఏ పాఠానికి? ఎందుకు?" అని చేర్చింది. గైడు గారు ఒప్పుకుంటారో లేదో ఇంకా తెలీదు. ఒప్పుకోకపోయినా ఆ రెండు గీతలు మనం మన పిల్లల టీచర్ల కోసం గీయవచ్చు. వాళ్ళు నమ్ముతారా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు వాళ్ళని అడుగుదాం. ఏమంటారు?